ఎత్తి పలకని డాక్టరమ్మ

ఫోను మోగింది. అవతల ఎత్తారు. అంతే, మాట లేదు.

"చూశావా! మళ్ళీ ఎత్తి నోరు కుట్టేసుకుంది పట్నం దెయ్యం" అంటూ రుఫీనా ఫోను బల్లమీద పడేసింది.

లుబాయన్ దీవిలో ఆరోగ్య కేంద్రమంటే రెండు గదులు, నర్సమ్మ ఫెలిసిదాద్, గోడకో ఇంటర్నెట్ ఫోను డబ్బా. సెల్లు ఇక్కడ పలకదు కనుక, పెద్దాసుపత్రి డాక్టరమ్మతో మాట్లాడుకోమని రెండు నెలల కింద ఎవరో కంపెనీవాళ్ళు బిగించి వెళ్ళారు.

ఈ రెండు నెలల్లో ఎప్పుడు చేసినా డాక్టరమ్మ ఎత్తుతూనే ఉంది. ఒక్కసారీ పలకలేదు. దీవి మనుషులంటే ఆవిడకి చులకన అని అందరూ తీర్మానించేసుకున్నారు.

కానీ ఇవాళ ఆవిడతో పని పడింది.

లోపలి గదిలో రుఫీనా కోడలు మరివిక్ పడుకుని ఉంది. ఎనిమిదో నెల. కాళ్ళు పొంగిపోయాయి, తల పగిలిపోతోందంటోంది, రక్తపోటు దిగడంలేదు. మూర్ఛ వచ్చిందంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు.

ఇంజక్షను బీరువాలోనే ఉంది. ఎంత ఇవ్వాలో డాక్టరు చెప్పాలి. సముద్రం బాగాలేదని పొద్దున్నే పడవలు ఆపేశారు.

ఆపేముందు వచ్చిన ఆఖరి పడవలో దిగిన మనిషే కాబోలు, మోకాళ్ళదాకా తడిసిన పంట్లాంతో, భుజాన సంచీతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఫోను చూడ్డానికొచ్చాను, మనాంగ్."

అక్కా అని పిలిచినా రుఫీనా కరగలేదు.

"ఇప్పుడా రావడం? కంపెనీవాడివేనా?"

అతను అవుననలేదు, కాదనలేదు. సంచీలోంచి చిన్న కంప్యూటరు తీసి డబ్బాకి తగిలించాడు.

"బిగించేటప్పుడు మా చేత పందిని కోయించుకుని తిన్నారు, గుర్తుందా? పోయిన నెల సిలాగోన్ దీవిలో ఈ డబ్బానే నమ్ముకుని ఒక పిల్ల కడుపులో బిడ్డతో సహా పోయింది. ఆ ఉసురు ఎవరికి తగులుతుందయ్యా? నీకు కాదూ?"

అతను తలెత్తలేదు.

"నాకే, మనాంగ్."

"ఒప్పుకున్నాడమ్మా మహానుభావుడు!"

"అక్కా, కాసేపు నోరు మూసుకో" అంది ఫెలిసిదాద్. "ఏం నాయనా, డాక్టరమ్మ ఎందుకు పలకదు?"

"పలుకుతూనే ఉన్నారు. మీ మాట వాళ్ళకి చేరుతోంది, వాళ్ళ మాటే మీకు చేరడంలేదు."

"అదేం మాట? మోగుతోంది కదా, ఎత్తుతున్నారు కదా!"

"అది పిలుపు, మనాంగ్. పిలుపు వేరు, మాట వేరు. పిలుపు ముందెళ్ళి తలుపు తడుతుంది. ఉన్నారా, మాట్లాడతారా, మీ గొంతు ఫలానా చిరునామాకి పంపండి అని అన్నీ కుదుర్చుతుంది. కుదిరాక పక్కకి తప్పుకుంటుంది. గొంతులు వాటి దారిన అవి నడుస్తాయి."

"మరి?"

"మీ డబ్బా చిరునామా తప్పు చెబుతోంది. దీవి పేరు చెప్పకుండా, 'వంటింటి పక్క గది' అని మాత్రం చెబుతోంది."

రుఫీనా నోరు తెరిచింది. "అయితే ఆవిడ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయినట్టు?"

"పెద్దాసుపత్రిలోనే, వాళ్ళ వంటింటి పక్కన ఎవరన్నా ఉన్నారేమోనని వెతుక్కుంటోంది."

లోపల మరివిక్ మూలిగింది. అతని వేళ్ళు టకటకా కదిలాయి. ఫెలిసిదాద్ మళ్ళీ నంబరు నొక్కింది.

ఫోను మోగింది. ఎత్తారు.

"లుబాయనా? వినబడుతోందా? ఈసారైనా వినబడుతోందా?"

ఫెలిసిదాద్‌కి కళ్ళ నీళ్ళు తిరిగాయి. "వినబడుతోంది డాక్టరమ్మా!"

"బతికించారు. అరిచి అరిచి గొంతు పోయింది నాకు. పట్నం దెయ్యమని తిట్టే ఆవిడ అక్కడే ఉందా? ఉంటే కాస్త వేడినీళ్ళు పెట్టమను. అమ్మాయి రక్తపోటెంతో చెప్పు."

రుఫీనా పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

డాక్టరమ్మ చెప్పిన లెక్కన ఫెలిసిదాద్ ఇంజక్షను ఇచ్చింది. గంట గడిచింది. మరివిక్‌కి తలపోటు తగ్గి, కునుకు పట్టింది. కడుపులో బిడ్డ కదిలింది.

అప్పుడు ఆడవాళ్ళిద్దరికీ ఆకలి గుర్తొచ్చింది. అన్నం, ఎండుచేప ముందు పెట్టుకున్నారు. అతను సంచీ సర్దుకుంటున్నాడు.

అన్నం ముందు కూర్చున్నాక ఎదుట మనిషి కనిపిస్తే "రా, తిందాం" అనకుండా ఈ దీవుల్లో శత్రువునైనా పోనివ్వరు. ఫెలిసిదాద్ అనబోయింది. రుఫీనా కళ్ళతోనే ఆపేసింది.

"వాళ్ళు చేసిన తప్పు వాళ్ళే దిద్దుకున్నారు. దానికి భోజనం కూడానా?" అంది, అతనికి వినబడేలాగే.

"వెళ్ళొస్తాను, మనాంగ్" అని, పడవలు మళ్ళీ కదిలేదాకా కాచుకోవడానికి ఒడ్డుకి వెళ్ళిపోయాడు.

పది రోజులకి మెడలో కంపెనీ కార్డు వేలాడేసుకుని ఒకతను దిగాడు. డబ్బా చూసి ఆశ్చర్యపోయాడు.

"ఎవరు బాగుచేశారిది?"

"మీవాడేగా!" అంది రుఫీనా.

"మేమెవర్నీ పంపలేదమ్మా. పిలుపు కలుస్తోంది కదా, డబ్బా బాగానే ఉందని మావాళ్ళు ఊరుకున్నారు. ఇది నేను చూస్తున్న నాలుగో దీవి. అన్నిచోట్లా ఎవరో నాకంటే ముందే వచ్చి సరిచేసి వెళ్ళారు."

"మరి అతనెవరు?"

"మా ఆఫీసుకొచ్చిన ఈ ఉత్తరం రాసినతనే అయ్యుండాలి" అంటూ అతను జేబులోంచి కాగితం తీశాడు. " సెబూ పట్నంలో ఫోన్లు కలిపే గదిలో పనిచేసేవాడట, పేరు రోడెల్. తప్పెక్కడుందో, ఎలా దిద్దాలో అంతా రాశాడు."

"చివర అదేదో చేత్తో రాసుందే. చదువు నాయనా."

అతను కాగితం వెలుతురుకి పట్టుకుని నెమ్మదిగా చదివాడు.

"'మందు ఎంత ఇవ్వాలో డాక్టరుగారు మూడుసార్లు చెప్పారట, సిలాగోన్‌లో నా భార్య పక్కనున్నవాళ్ళకి ఒక్కసారీ వినబడలేదు.'"