అంకన్న గుండె

"ఈరోజు మార్కాపురం వస్తావా, రావా?" పావని గడపకు అడ్డంగా కూర్చుంది.

"ఇప్పుడేం తొందరమ్మే. గొర్రెలు ఎవురు తోలుకుపోవాల?" అన్నాడు అంకన్న, మంచం దిగకుండానే.

"అమ్మ తోలుకుపోతాది. నువ్వు లెయ్ నాయనా."

సోమవారంలోగా పావని కర్నూలు పోయి నర్సింగులో చేరాలి. సీటు రావడం ఇది రెండోసారి. మొదటి సీటును రెండేళ్ల కిందట నాయన గుండె మింగేసింది. ఈసారి ఆపరేషను చేయించేసి, ఆయన్ను గట్టున పడేసి పోదామని ఆమె పంతం.

రెండేళ్ల కిందట కొనకనమిట్ల బడిలో గుండె పరీక్షల క్యాంపు పెట్టారు. ఆ రోజు పావని గొర్రెల వెంట ఉంది. అంకన్న, కోటమ్మ మొగుడూ పెళ్లాలు పోయి వచ్చారు. వస్తూ వస్తూ అంకన్న ఒక కాగితం తెచ్చాడు. ఆ క్యాంపోళ్లు ఇంటికొక ఆరోగ్య కార్డు అడిగారు, కార్డులో ఇంటిపెద్ద ఎవరో ఆ పేరే కాగితం మీద ఎక్కించారు. కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు గీకారు. ఇంటర్లో బైపీసీ చదివిన పావని ఆ నాలుగు ముక్కలూ చదివి గోడకు చేరగిలపడింది. గుండెలో ఎడమవైపు కవాటం మూసుకుపోతోంది.

ఆ వారమే ఊళ్లో ఎవరో పొట్టేలును కోశారు. పావని దాని గుండెకాయ అడిగి తెచ్చింది. కత్తిపీట మీద నిలువునా చీల్చి అమ్మానాయనల ముందు పెట్టింది.

"నాలుగు గదులు. ఇదో, పై గదిలోంచి కింది గదికి ఈ తలుపు. రెత్తం ఇట్ల దిగాల. నా రెండు వేళ్లు పడతాండాయి చూడు. నాయనకు చిటికెనేలు గూడా పట్టేట్టు లేదు. దిగని రెత్తం వెనక్కి ఎగదన్ని ఊపిరితిత్తుల్లో నిలబడతాది. బరువెత్తితే ఆయాసం. ఇంకా ఎత్తితే మనిషే ఉండడు."

కోటమ్మ ముందుకు వంగి ఆ తలుపునే చూసింది.

"అమ్మా, ఇంక నాయనకు ఏ పనీ చెప్పబాక. మోసేదేమన్నా ఉంటే నువ్వు మొయ్యి."

"అట్లనే పాపా."

"నువ్వు కర్నూలు పోతే నా గుండె ఆడికాడికే ఆగిపోతాది," అన్నాడు అంకన్న రొమ్ము పట్టుకుని. ఆడపిల్లను ఇంట్లో కట్టేయడానికి పలుపుతాడు ఎందుకు, ఆ ఒక్క మాట చాలు. సీటు పోయింది. పావని కర్ర పట్టుకుని గొర్రెల వెంట పడింది.

క్యాంపోళ్లు రాసిచ్చిన బిళ్లలు పొద్దున రెండు, మాపటికి ఒకటి. పావని తన చేత్తో తీసి నాయన చేతిలో పెట్టేది. నీళ్ల చెంబు కోటమ్మ అందించేది. నీళ్ల బిందెలు, మేత మోపులు, కట్టెలు, మొగుడు ఎత్తాల్సినవన్నీ కోటమ్మ నెత్తికెక్కాయి. దోవలో మూడుచోట్ల మోపు దించి గానీ ఇల్లు చేరేది కాదు.

"నత్త నయం మీ యమ్మ కంటే," అని అంకన్న అరుగు మీద పేకముక్కలు పంచుతూ నవ్వేవాడు.

ఒళ్లు వాల్చి పడుకోవడం కూడా మానేసింది కోటమ్మ. గోడకు ఆనుకుని కూర్చునే కునికేది. మొగుడి ఊపిరికి కాపలా కాస్తోందని పావని అనుకునేది. ఎంత పిచ్చిదమ్మా మా యమ్మ, అనుకునేది.

మార్కాపురంలో డాక్టరు రమణి తెర మీద అంకన్న గుండెను చూసింది. పాత కాగితం చూసింది. మళ్లీ తెర చూసింది.

"ఈయనకేం లేదమ్మా. తలుపులన్నీ బాగా తెరుచుకుంటున్నాయి."

"బిళ్లలతో తగ్గిపోయిందా మేడం?"

"ఇది బిళ్లలతో తగ్గే జబ్బు కాదు. ఈయనకు ఎప్పుడూ లేదు. రాసినన్ని బిళ్లలు నిజంగా మింగి ఉంటే ఈపాటికి కళ్లు తిరిగి పడిపోయేవాడు."

పావని తండ్రి వైపు తిరిగింది. అంకన్న చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒక్కొక్కటే, నిదానంగా.

తిరుగు బస్సెక్కాక పావని అడిగింది.

"బిళ్లలు ఏం చేసినావు?"

"దొడ్డెనక పారేసినా."

"మరి ఆ కాగితం?"

"క్యాంపోళ్లు ఇచ్చిందే. నేనేమన్నా రాసుకున్నానా?"

"నీకేం లేదని నీకు ముందే తెలుసు."

"తెలిస్తే ఏమాయ? నువ్వు బోతే ముప్పై గొర్రెలు ఎవురు కాయాల? నీకేం అన్నం పెట్టకుండా ఉండామా?"

రెండేళ్లు. రాయిలాంటి మనిషికి దిండు సర్ది, మజ్జిగ కలిపి ఇచ్చి, ఎండకు మాడి, సదువు బొందపెట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి కోటమ్మ మేత మోపు దించి గుంజ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమన్నారు పాపా నాయనను?"

"నీ మొగుడికి ఏ రోగమూ లేదంట. అంతా నాటకం. నీకూ తెలుసా ఇది? క్యాంపులో ఆయనకు పరీక్ష చేసేప్పుడు నువ్వు యాడుండావు?"

"ఏమ్మే, లోపలికి పో," అని అంకన్న పెళ్లాన్ని కసిరాడు.

కోటమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆమెకు నిజంగానే ఏమీ అర్థం కాలేదు.

"మీ నాయనను నేను యాడ చూస్తి పాపా, నన్ను లోపల బల్ల మీద పండుకోబెట్టి రొమ్ముకు చల్లటి జిగురు పూసి చూసి కాగితం చేతికిచ్చినారు, బయటికి రాంగానే దాని మీద ఉండేది తన పేరేనని మీ నాయన తీసుకున్నాడు."