బుధవారం ప్రయాణాలు

"ఘాట్ రోడ్డులో ఎడమవైపు సీట్లే చూడమ్మా. లోయ అటే ఉంటుంది. మా ఆవిడకి కిటికీ పక్కన, ఆ పక్కది నాకు."

"అలాగే డ్రైవర్ గారూ. మరి మలుపుల్లో ఆవిడకి కడుపులో తిప్పుతుందన్నారుగా?"

"తిప్పుతుంది. అయినా కిటికీ వదలదు. మొండిది."

ఫోనులో ట్రావెల్స్ అమ్మాయి నవ్వింది. ఆయనా నవ్వాడు. కూర్చున్నది ఇంట్లో కుర్చీలోనే అయినా, మలుపు అనగానే ఆయన కుడికాలు గచ్చు మీద బ్రేకు కోసం వెతుక్కుంటోంది.

ఉద్యోగమున్నన్నాళ్ళూ దూరపు ఊళ్ళ బస్సు నడిపాడు. ఎన్ని ఊళ్ళు చూశావో అని అందరూ కుళ్ళుకునేవాళ్ళు గాని, ఆయన చూసింది రోడ్డునే. లోయలూ, నదులూ, పొద్దుపొడుపులూ అన్నీ వెనక కూర్చున్నవాళ్ళ వంతు. రిటైరయ్యాక మనిద్దరం ప్రయాణికుల్లా తిరుగుదాం అని భార్యకి మాటిచ్చాడు. రిటైరయ్యాడు. అప్పటికి ఆమె లేదు.

ఒక్కడే ఓసారి బయల్దేరి చూశాడు. వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద ఎండలో నది మెరుస్తోంది. "అటు చూడు" అనబోతూ పక్కకి తిరిగాడు. పక్క సీట్లో ఎవరో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వచ్చిన స్టాపులో దిగి, ఎదురొచ్చిన బస్సెక్కి ఇంటికొచ్చేశాడు. మళ్ళీ కదల్లేదు. అలాగని దారుల మీద పిచ్చి పోలేదు. గుమ్మంలో పడ్డ ఓ ట్రావెల్స్ కరపత్రం మీది సెల్ నంబరుకి ఒక బుధవారం ఊరికే ఫోన్ చేశాడు.

అది మొదలు రెండేళ్ళుగా ప్రతి బుధవారం మధ్యాహ్నం ఓ ప్రయాణం. ఏ బస్సు, ఏ గది, ఏ గదిలోంచి సముద్రం కనబడుతుంది, అన్నీ ఇద్దరూ కలిసి తేల్చేవాళ్ళు. ఆఖర్న "మా ఆవిడని అడిగి చెప్తా" అని పెట్టేసేవాడు. మళ్ళీ వారానికి ఆవిడకి మోకాళ్ళ నొప్పులో, ఇంటికి చుట్టాలో. అమ్మాయి ఏనాడూ విసుక్కోలేదు. "పోన్లెండి, ఇంకో చోటు చూద్దాం" అనేది. తొందరపెట్టేది కూడా కాదు.

"ఎవరితో బాబాయ్ ఆ కబుర్లు? గోడ దాటి వినిపిస్తున్నాయి," అన్నాడు పక్కింటి ఇన్సూరెన్సు ఏజెంటు ఆ సాయంత్రం.

"ట్రావెల్స్ వాళ్ళతో లేరా."

"అబ్బో! ఎన్ని టికెట్లు కొన్నావేంటి ఇప్పటిదాకా?"

ఆయన పిట్టగోడ మీద పెచ్చు గోకసాగాడు.

"ఒక్కటీ కొనలేదా? భలేవాడివే! ఆ పిల్లకి టార్గెట్లుంటాయి బాబాయ్. గంటలకొద్దీ మాట్లాడి ఒక్క టికెట్టూ తెగకపోతే పైవాడు హారతిస్తాడా? నీ కాలక్షేపం పాపం ఆ పిల్ల ఉద్యోగానికి ఎసరు పెట్టేట్టుంది."

ఏజెంటు నవ్వుకుంటూ లోపలికెళ్ళిపోయాడు. ఆయన అక్కడే నిలబడిపోయాడు. తన అబద్ధం తన నాలుగు గోడల మధ్యే తిరుగుతోందనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది గడప దాటి ఒకరి అన్నంలో పడుతుందన్న ఆలోచనే రాలేదు.

మళ్ళీ బుధవారం అమ్మాయి ఫోన్ ఎత్తగానే అన్నాడు:

"ఈసారి ఖాయం చేసెయ్యమ్మా. మొన్న చూసిన ఘాట్ రోడ్డు ప్రయాణమే. డబ్బు కట్టేస్తాను."



"ఇప్పుడేనా? వానలు కదండీ. రోడ్డు బాగుండదేమో."

"వానకి ఆగిన బస్సు కాదమ్మా నాది."

"మరి ఆవిడ మోకాళ్ళు..."

"తగ్గాయి."

"అయితే ఇంక ఫోన్ చెయ్యరా?" అనేసి, వెంటనే సర్దుకుంది. "అంటే... వెళ్ళొచ్చి చెప్తారు కదా, ఎలా ఉందో."

 టికెట్టు తెగితే ఈ మాటలకి ఇదే ఆఖరు స్టాపు. తెగకపోతే ఆ పిల్ల రోడ్డున పడుతుంది.

"రేపు ఆఫీసుకే వస్తా. నిన్ను కళ్ళారా చూసినట్టూ ఉంటుంది."

"వద్దండీ! అంత దూరం ఎందుకు? ఇక్కడ మెట్లెక్కాలి. పైగా మా మేనేజరు..."

మేనేజరు పేరెత్తేసరికి ఆయనకి అంతా అర్థమైపోయింది. ఏజెంటు చెప్పింది నిజమే. ఎవడో ఆ పిల్లని కాల్చుకు తింటున్నాడు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని సిటీ బస్సెక్కాడు. దారంతా రెండు మాటలు వల్లెవేశాడు. ఒకటి మేనేజరుకి: "ఈ అమ్మాయి ఓపిక చూసే కొంటున్నానండీ." రెండోది ఆ అమ్మాయికి: "మా ఆవిడ లేదమ్మా. ఒక్క టికెట్టే." మొదటిది బాగానే వచ్చింది. రెండోది ఎన్నిసార్లన్నా సగంలోనే తెగిపోతోంది.

కరపత్రం మీది అడ్రసు పట్టుకుని వెతికితే సందులో ఆ భవనం దొరికింది. మొదటి అంతస్తు మీద ట్రావెల్స్ బోర్డు కనబడింది. కింద నిలబడి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావమ్మా?"

"ఆఫీసులోనే డ్రైవర్ గారూ. సీట్లోనే ఉన్నాను."

"సరే, కదలకు," అని పెట్టేశాడు.

కమ్మీ పట్టుకుని మెట్లెక్కాడు. తలుపు మూసి ఉంది. తట్టాడు. మళ్ళీ తట్టాడు. చప్పుడు విని పక్క గదిలోని జిరాక్స్ అతను తల బయటికి పెట్టాడు.

"ఎవరికోసమండీ?"

"ట్రావెల్స్ అమ్మాయి కోసం బాబూ. లోపలే ఉంది, ఇప్పుడే మాట్లాడాను. నేను తట్టింది వినబడలేదేమో, కాస్త నువ్వు పిలుద్దూ."

అతను ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఆ ఆఫీసు మూసేసి ఏడాది దాటింది, పెద్దాయనా."