దొరగారికి నాలుగు చుక్కలు

“ఒంటికి ఏం పూశారమ్మా?” అని అడిగింది పశువుల డాక్టరమ్మ, పిల్లి మెడ దగ్గర వాసన చూస్తూ.

పిల్లిని తెచ్చిన ఆమె సంచిలోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది.

“టీ ట్రీ నూనె అండీ. పురుగులు పట్టి ఒకటే గోక్కుంటుంటే, సందు చివర కొట్లో కొన్నాను. నిన్న సాయంత్రం నాలుగు చుక్కలు పూశాను.”

తువ్వాలులో దొరగారు వణుకుతున్నాడు. తొమ్మిదేళ్ల కిందట మెట్ల కింద, కళ్లు కూడా తెరవని కూనగా దొరికాడు. అప్పటి నుంచి ఇంట్లో పెత్తనమంతా వాడిదే, అందుకే ఆ పేరు. అలాంటివాడు ఈ పొద్దున నోట్లోంచి చొంగ కారుతూ, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లి గోడకు గుద్దుకున్నాడు.

“ఇలాంటి ఘాటు వాసన నూనెలు పిల్లులకు విషమమ్మా. పిల్లి కాలేయం వీటిని అరిగించుకోలేదు. పైగా ఒళ్లంతా నాకుతూనే ఉంటాయి కదా, పూసిందంతా కడుపులోకే పోతుంది. పూయకపోయినా, ఇంట్లో ఆవిరి పెట్టినా ప్రమాదమే.”

“విరుగుడేదైనా ఇవ్వండి.”

“విరుగుడు లేదు. సబ్బుతో కడిగి, వెచ్చగా ఉంచి, సెలైన్ పెడతాను. సాయంత్రం దాకా చూద్దాం.” డాక్టరమ్మ సీసా ఎత్తి వెలుతురులో తిప్పింది. “‘నూరు శాతం సహజం. మీ పెంపుడు నేస్తాలకూ సురక్షితం.’ ఇలా ఉంటే మీరు మాత్రం ఏం చేస్తారు?”

అంతదాకా పిల్లి తోక నిమురుతూ నిలబడ్డ భర్త, ఆ సీసా అందుకుని ఒకసారి చూసి, దాంతోపాటే గదిలోంచి బయటికి వెళ్లిపోయాడు.

కోపమొచ్చిందనుకుంది ఆమె. రాదా మరి? పిల్లికి కూడా బిచ్చం పెట్టడని చుట్టాల్లో పేరున్న మనిషి, ఈ పిల్లికి మాత్రం చేపలో ముల్లు ఏరి పెట్టేవాడు. ప్రకటనల కంపెనీలో పగలంతా మాటలు అల్లి, ఇంటికొచ్చాక పొదుపు చేస్తాడని ఆమె వేళాకోళం చేసేది. ఆ పొదుపు మాటల్లో సగం దొరగారికే దక్కేవి.

ఆమె బయటికి వచ్చేసరికి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. గోటితో సీసా మీది కాగితం గీకుతున్నాడు. ప్యాంటు నిండా కాగితం తుక్కు.

“తిట్టండి, పడతాను,” అంది పక్కన కూర్చుంటూ.

“నీ తప్పు లేదు.”

“పూసింది నేనేగా. దువ్వెనతో దువ్వితే పోయే పురుగులు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నాను.”

“సీసా మీద ఉన్నది నమ్మావు. అంతే. నీ తప్పు లేదు.”

పల్లెత్తు మాట అనలేదు. కనీసం ఒక్క కసురు కసిరినా ఆమె గుండె బరువు కాస్త దిగేది. ఆ సీసా మళ్లీ తన కంటబడినా గుర్తుపట్టకూడదనే కాబోలు, అంత ఓపికగా గీకుతున్నాడనుకుంది. అనుకున్నకొద్దీ ఏడుపు ఆగలేదు.

మధ్యాహ్నానికి పిల్లి ఒళ్లు చల్లబడింది. మూర్ఛలు మొదలయ్యాయి. నాలుగు గంటలవేళ ఆమె అరచేతిలో తల ఆనించి, దొరగారు ఊపిరి వదిలేశాడు.

“ఫిర్యాదు చేయండి, నేనూ సంతకం పెడతాను. ఈ నెలలో ఈ నూనె పూసి పిల్లిని తెచ్చినవాళ్లలో మీరు మూడోవాళ్లు. ముందు రెండూ కూడా దక్కలేదు,” అంది డాక్టరమ్మ.

“ఇప్పుడవన్నీ వద్దండి,” అన్నాడు భర్త, నేల చూపులు చూస్తూ.

ఇద్దరూ బస్‌స్టాపులో కూర్చున్నారు. తువ్వాలు మూట ఆమె ఒళ్లో ఉంది. రెండు బస్సులు వచ్చి వెళ్లాయి. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

“రేపు నేనే ఫిర్యాదు ఇస్తాను,” అంది ఆమె. “పిల్లిని చేతులారా చంపుకుందని నలుగురూ అంటారనేగా మీరు వద్దంటున్నది? అననివ్వండి. నన్ను వెనకేసుకురాకండి.”

అతను ప్యాంటుకు అంటిన కాగితం తుక్కు ఒక్కొక్కటే ఏరుతున్నాడు.

“ఇంకొకళ్ల ఇంట్లో ఇలా జరగకూడదు. ఆ కంపెనీవాడి సంగతి సరే, సురక్షితం అని ఆ ముక్క రాసినవాడున్నాడే, వాడు కనిపిస్తే ఒక్కటే అడుగుతాను. ఎవర్నైనా కనుక్కునే రాశావా అని.”

“కనుక్కోలేదు,” అన్నాడతను.

“అదేనండీ. పిల్లిని పెంచినవాడెవడూ అలా రాయడు.”

అతను చెయ్యి చాచి, తువ్వాలులోంచి బయటికి వచ్చిన చెవిని మెల్లగా లోపలికి సర్దాడు.

“ఆ ముక్క రాసింది నేనే.”