తలుపు కింది చీటీలు

"పని పూర్తయ్యాకే గడియ తీస్తాను అల్లుడూ! మధ్యలో ఎవరూ నిన్ను కదిలించకూడదు" అంటూ మామగారు బయట గడియ పెట్టేశారు. అది రెండు మూడుసార్లు టకటకలాడి గానీ పడలేదు. ఫోను మోగితే ధ్యాస చెడుతుందని, అతని ఫోను ముందే జేబులో వేసుకున్నారు.

చిన్నల్లుడు చుట్టూ చూశాడు. ఎదురుగా బల్లమీద మామగారి నలభై ఏళ్ళనాటి కంప్యూటరు, మూత విప్పేసి ఉంది. క్యాసెట్టులోని చదరంగం ఆట దాని మెమరీలో పట్టడం లేదట. పక్కన పొట్లంలో ఎనిమిది కొత్త చిప్పులు. ఉన్న మెమరీ ఎంతో కనిపెట్టి, వీటిని బిగించాలి.

పెళ్ళికి ముందు "కంప్యూటరంటే నాకు మంచినీళ్ళ ప్రాయం" అని కోసిన కోత ఇప్పుడు మెడకి చుట్టుకుంది. పనిచేసేది కంప్యూటర్ల కంపెనీలోనే. కానీ అతని పని మనుషుల్ని ఇంటర్వ్యూలకి పిలవడం! కిటికీకి చూస్తే ఊచలు. హాల్లోంచి తోడల్లుడి నవ్వు వినిపిస్తోంది. ఓడిపోయి బయటికెళితే ఆ నవ్వు ఈ జన్మలో ఆగదు.

తలుపవతల అడుగుల చప్పుడైంది. పెళ్ళామే అనుకోగానే ప్రాణం లేచొచ్చింది.

"ఏమే, నువ్వేనా?"

"ష్..."

గబగబా చీటీ రాసి తలుపు కిందనుంచి తోశాడు: 'నాకేమీ రాదు. మీ నాన్న ఉత్త చాదస్తం మనిషి. ఎలాగైనా నన్ను గట్టెక్కించు.'

కాసేపటికి జవాబొచ్చింది. నేలమీద పెట్టి రాసింది కాబోలు, అక్షరాలన్నీ వంకర్లు పోయాయి. 'స్విచ్ తీసెయ్. ఒంట్లో స్థిర విద్యుత్తు పోవడానికి ముందు కిటికీ ఇనప ఊచ ముట్టుకో. పాత చిప్పు మీద చివరి రెండంకెలు చూడు.'

'పదహారు' అని రాశాడు.

'అలాంటివి ఎనిమిది కలిస్తే పదహారు కిలోబైట్లు. పక్కన ఖాళీ గూళ్ళలో కొత్తవి పెట్టు. పాతవాటి అంచున గాటు ఎటుంటే వీటిదీ అటే. కాలు వంగిందా, చిప్పు పోయినట్టే.'

'నీకివన్నీ ఎలా తెలుసే?'

'పని చూడు.'

చెమటలు కక్కుతూ ఎనిమిదీ బిగించి స్విచ్ వేశాడు. తెరమీద ముప్పై రెండు కిలోబైట్లు! "అయిపోయింది మామయ్యగారూ!" అని అరిచాడు.

తలుపు తెరుచుకుంది. "చూశారా! గంటలో తేల్చేశాడు మా చిన్నల్లుడు!" మామగారు హాలంతా వినబడేలా అన్నారు. తోడల్లుడి నవ్వు టక్కున ఆగింది.

అప్పుడే వీధి గుమ్మంలోంచి భార్య సంచితో లోపలికొచ్చింది. "అప్పుడే అయిపోయిందా? నేను బజారుకెళ్ళి వచ్చేలోపే!"

మరి ఇందాక తలుపవతల ఉన్నదెవరు? మామగారు ఫోను తిరిగిచ్చారు. దాని కింద అతను రాసిన మొదటి చీటీ ఉంది. పట్టుకున్న మామగారి వేళ్ళు గడగడా వణుకుతున్నాయి.

"చేతులు స్వాధీనంలో లేక నిన్ను కూర్చోబెట్టాను బాబూ" అన్నారాయన చెవిలో, "అంతమాత్రానికే చాదస్తం మనిషినైపోయానా?"