లేని ఆట

ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు, ఎక్కడా లేని వీడియో గేమ్ ఒకటి, ఈ ఆఫీసు సైట్‌కి పోటీగా నడిచే రెండో సైట్‌లో వచ్చింది.

ఆట పేరు ‘క్యూ’. ఆడేవాడు ఒక ఆఫీసు కిటికీ ముందు వరసలో నిలబడాలి. అంతే. నలభై గంటల ఆట. తన వంతు వచ్చేసరికి కిటికీ మూసేస్తారు. వచ్చే ఏడాది విడుదల అని కూడా రాశారు.

ఆ ఆటను కిందటి సాయంత్రం కల్పించింది వింతలాయన. ఈ ఆఫీసులో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. రాబోయే సినిమాల కబుర్లు, గేముల కబుర్లు, లోకంలోని విడ్డూరాలు ఇంటర్నెట్‌లో ఏరి, రోజుకు పది చొప్పున తమ సైట్‌లో పెట్టడం ఆయన ఉద్యోగం. పదహారేళ్లుగా ఇదే పని. పోస్టర్‌లో హీరో చేతికి ఆరు వేళ్లున్నాయని, ఓ ట్రైలర్‌లో గుర్రం వెనక్కి నడుస్తోందని, మెట్లు లేని లైట్‌హౌస్ అమ్మకానికి వచ్చిందని ఆయన రాస్తే జనం నవ్వుకుంటారు. ఆయన నవ్వి చాలాకాలమైంది.

కల్పించమన్నది చీఫ్. ఆరు నెలలుగా తమ పది వింతల్లో ఏడో ఎనిమిదో, తమకంటే గంట ముందే రెండో సైట్‌లో కనిపిస్తున్నాయి. డ్రాఫ్టు చూసినవాళ్లెవరో అటు చేరవేస్తున్నారని చీఫ్ అనుమానం. అందుకే ఎర వేయమన్నాడు. లేని వింత ఒకటి డ్రాఫ్టులో పెట్టాలి. పదకొండింటికి జాబితా బయటికి వెళ్లేముందు తీసేయాలి. సంగతి తామిద్దరి మధ్యే ఉండాలి.

రాసినవాళ్లు కాక డ్రాఫ్టు చూసేది ఒక్కరే. పక్క కుర్చీలో కూర్చుని సినిమా వార్తలు రాసే అమ్మాయి. తప్పులు దిద్దడానికి రెండో మనిషి చదవాలన్నది అక్కడి రూలు.

పదిన్నరకి చీఫ్ ఆయన్ని గదిలోకి పిలిచి స్క్రీన్ ఇటు తిప్పాడు.

“మింగేశారు మాస్టారూ.”

వింతలాయన ఆ పేజీని పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన కళ్లవి.

“ఒక్క అక్షరం మార్చలేదు,” అన్నాడు.

“అంత ఒళ్లు బద్ధకం వాళ్లకి. చూడండి, డ్రాఫ్టు తెలిసింది మీకూ, ఆ అమ్మాయికీ. అది ఎర అని మీకు తెలుసు. తెలిసినవాళ్లు కొరకరు. ఇంకెవరు మిగిలారు?”

“ఆ అమ్మాయి కాదు సార్.”

“ఎలా చెప్తారు?”

“నాలుగేళ్లుగా పక్కనే కూర్చుంటున్నాను.”

“పక్కలో బల్లెం అంటారే, అదే మరి.”

ఆమెను పిలిపించారు. ఇంటికి ఆమె ఒక్కతే ఆధారమని చీఫ్‌కి తెలుసు. అయినా అడగాల్సినవన్నీ అడిగాడు. ఎవరికి పంపుతున్నావన్నాడు, ఎన్నాళ్లనుంచి అన్నాడు. ఆమె ముందు అర్థం కాక చూసింది. అర్థమయ్యాక గొంతు తగ్గించి జవాబు చెప్పింది.

“వాళ్ల సైట్ చూసే తీరిక నాకెక్కడిది సార్. మన సైట్ చూడ్డానికే టైము చాలట్లేదు.”

చీఫ్ నమ్మలేదు. మధ్యాహ్నంలోగా ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు ఉత్తరం ఇస్తామని చెప్పి పంపేశాడు. వింతలాయన కదల్లేదు.

“ఆమెను ఉంచండి. నన్ను పంపించేయండి.”

“మిమ్మల్నెందుకు?”

“నేనే పంపాను అనుకోండి.”

చీఫ్ కుర్చీలోంచి లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఇంత మంచితనం ఈ రోజుల్లో పనికిరాదన్నాడు. మొహం పీక్కుపోయింది, రేపు సెలవు పెట్టి పడుకోమన్నాడు. తలుపు కూడా తనే తీశాడు.

మూడింటికి ఆమె సామాను ఒక అట్టపెట్టెలో సర్దుకుంది. కప్పు, స్వెటర్, ఛార్జర్, రాయని పెన్నులు రెండు. చుట్టూ ఉన్నవాళ్లు స్క్రీన్ల మీంచి తల ఎత్తలేదు. అప్పటికి రెండో సైట్‌లో ‘క్యూ’ కింద మూడు వేల కామెంట్లు వచ్చాయి. వరసలో తాను ముందే ఉన్నానని, మిగతావాళ్లు వెనక్కి పోవాలని ఒకాయన రాశాడు. మధ్యలో దూరొద్దని ఇంకొకాయన తగువు పడుతున్నాడు.

లిఫ్ట్ పనిచేయడం లేదు. వింతలాయన పెట్టె అందుకుని నాలుగంతస్తులు దిగాడు. బస్టాపు దాకా మోశాడు. ఆమె వద్దంటే వినలేదు.

“మీ మాట చెల్లలేదని బాధపడకండి బాబాయ్. మీరైనా నమ్మారు, అది చాలు.”

“నమ్మడం కాదమ్మా,” అన్నాడు. పెట్టెను బెంచీ మీద దించాడు.

ఆమె అంది. “దొంగ అని ముద్ర పడ్డాక నన్నెవరు పెట్టుకుంటారు?”

“నీ వివరాలు నా ఫోన్‌కి పంపు.”

“మీకెవరు తెలుసు బాబాయ్? పదహారేళ్లుగా ఆ కుర్చీ దిగలేదు మీరు.”

“పంపమన్నానా. పొద్దున్నే లేవగలవా?”

“ఎన్నింటికి?”

“నాలుగింటికి.”

“ఉద్యోగం అంటూ ఉంటే మూడింటికైనా లేస్తా,” అంది. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదలు.

బస్సు వచ్చింది. ఆయన పెట్టె ఎక్కించి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత బెంచీ మీద కూలబడ్డాడు. ఆమె వివరాలు ఆరున్నరకి వచ్చాయి.

ఆరూ నలభైకి ఆయన వాటిని రెండో సైట్ యజమానికి పంపి, ఆరు నెలలుగా మారుపేరుతో తాను రాస్తున్న, ఆ తెల్లవారుజామున నిద్రమత్తులో ఎరను కూడా ఎక్కించేసిన వింతల జాబితాను రేపటి నుంచి ఈ అమ్మాయి రాస్తుందని తెలియజేశాడు.