రెండో స్టారు

నా కొడుకు ప్రభుదాసు వాకిట్లో వెదురు పుల్లలు చీల్చి దారంతో బిగిస్తుంటే, కోడలు సలోమి మైదా బంక పూసి రంగు కాగితం అంటిస్తోంది. ఏడాదిగా వాడు హిందూపురంలో, ఆమె ధర్మవరం పుట్టింట్లో. ఒకరితో ఒకరికి మాటల్లేవు. పెనుకొండలో నా దగ్గర పెరుగుతున్న పిల్లలకు క్రిస్మస్ స్టారు చేద్దామని ఇద్దరూ ఒకే పొద్దున వచ్చారు.

నేను గడప దాటలేదు. మధ్యలో పోతే ఏది చెడుతుందోనని భయం. టీ తాగుతారా అని అడగడానికీ భయమే.

“బంక అంతా చెంపకే పూసుకుంటాండావే,” అన్నాడు వాడు.

“నువ్వు వంకర కడితే కాగితం యాడ నిలుస్తాది?” అని ఆమె నవ్వింది.

ఆ నవ్వు విని లోపలికి పోయి మోకరించాను. చర్చిలో పాటలు నేర్చుకోను పోయిన పిల్లలు రాగానే, మీ అమ్మా నాయనా కలిసిపోయినారని చెప్పాలనుకున్నాను.

బయటికొచ్చేసరికి రెండో స్టారు కడుతున్నారు.

“ఇంటికి ఒకటి చాలదా నాయనా?” అన్నాను.

వాడు తలెత్తలేదు. సలోమే చెప్పింది.

“పిల్లోడు ఆయన కాడ, పాప నా కాడ ఉండేట్టు మొన్న ఫోన్లో మాట్లాడుకున్న్యాం అత్తా. ఈ పొద్దే పిల్చుకపోతాం. యాడ బిడ్డకు ఆడ స్టారు ఉండల్ల కదా.”



పిల్లలు పరుగున వచ్చారు. రెండు స్టార్లు చూసి మనవడు ఎగిరాడు.

“అవ్వా, పెద్దది నాది, చిన్నది చెల్లెలిది. రెండూ మనింటి మీదే కట్టల్ల.”