తొమ్మిదో నంబరు గది

"ఆ ఇద్దర్నీ ఒకే గదిలో పెట్టడమంటే ఒకే ఒరలో రెండు కత్తులు దూర్చడమే నర్సమ్మా," అన్నాడు లెక్కల మాస్టారు, గదుల జాబితా మీద వేలు పెట్టి. "మార్చండి."

నర్సమ్మ మార్చలేదు. "మనుషులు కలవడానికేగా మాస్టారూ ఈ శిబిరం. ఎవరి గదిలో వాళ్ళు తలుపేసుకుని పడుకోవడానికైతే ఇళ్ళు చాలవూ?"

కమిటీ ఆ జాబితానే ఖాయం చేసింది. బహాయీ మతస్థుల చలికాలపు శిబిరం తెల్లారితే మొదలు. మూడు రోజులు, అరవై మంది, ముప్పై గదులు, ఎన్నిసార్లు పంచినా సరిపోని రగ్గులు. తొమ్మిదో నంబరు గదికి ఆవిడ రాసిన ఇద్దరిలో ఒకడు డ్రైవరు. పదకొండేళ్ళ కిందట ఆవిణ్ణీ కూతుర్నీ వదిలేసి పోయిన మొగుడు. రెండోవాడు టైలరు. ఆ కూతుర్ని చేసుకుంటానంటున్నవాడు. మనిషి వెనకాల చెడు మాట్లాడకూడదన్నది బహాయీల నియమం కాబట్టి డ్రైవరు గురించి ఎవరూ ఏమీ అనలేదు. మొహాలు మాత్రం అనాల్సినవన్నీ అనేశాయి.

డ్రైవరు బహాయీ కాదు. అయితేనేం, బతికున్న తల్లిదండ్రులందరూ ఒప్పుకుంటేనే వీళ్ళలో పెళ్ళి. వదిలేసి పోయినా తండ్రి తండ్రే. టైలరు అమ్మానాన్నల సంతకాలు ఎప్పుడో వచ్చేశాయి. బండి ఆగిందల్లా ఈ మహానుభావుడి దగ్గరే. ఉత్తరాలకి జవాబివ్వని మనిషిని ఎక్కడున్నాడో కనుక్కుని, ఫోన్లో బతిమాలి రప్పిస్తున్నది నర్సమ్మే. పెళ్ళయితే పిల్ల రైల్లో ఒక పగలూ రాత్రీ ప్రయాణమంత దూరం వెళ్ళిపోతుంది. ఇంట్లో ఉండేది తల్లీకూతుళ్ళు ఇద్దరే. అయినా కూతురి కోసం ఇంత చేస్తోందంటే ఆవిడది ఎంత గుండె అని అందరూ తెగ మెచ్చుకున్నారు.

డ్రైవరు చేతిసంచితో దిగాడు. కూతుర్ని చూసి తలొంచుకున్నాడు. అరగంట తిరక్కుండానే తొమ్మిదో నంబరులోంచి కేకలు. ఒకడికి కిటికీ తెరవాలి, ఇంకొకడికి మూయాలి.

"చెప్పానా," అన్నాడు మాస్టారు. "ఇప్పటికైనా విడదీద్దాం."

"ఉండనివ్వండి. తేలాల్సిందేదో ఇక్కడే తేలనివ్వండి."

అక్కడితో ఊరుకోలేదు. పొద్దున్నే అరవై మందికీ వేణ్ణీళ్ళు కాచే పని కూడా ఆ ఇద్దరికే వేసింది. చలికి వేళ్ళు కొంకర్లు పోయే పని. ఎంత శాంతమూర్తికైనా చిరాకు పుట్టిస్తుంది.

రెండో రోజు ప్రార్థన కాగానే నర్సమ్మ పొయ్యిల దగ్గరికి నడిచింది. తిట్లు వినిపిస్తాయనుకుంది. నవ్వులు వినిపించాయి. డ్రైవరు ఒట్టి చొక్కాతో మంట దగ్గర కూర్చున్నాడు. ఆయన స్వెట్టరు మోచేతి దగ్గర చిరిగితే టైలరు కుడుతున్నాడు.

"కిటికీ సంగతేమైంది?" అంది.

"సగం తెరిచాం అత్తయ్యా," అన్నాడు టైలరు. "బాగా సంప్రదించుకునే."

నర్సమ్మ నవ్వలేదు. ఆ పూట అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచింది. రగ్గులు మూడుసార్లు లెక్కపెట్టి మూడు లెక్కలు చెప్పింది. ఆయన సంతకం పెడతాడో పెట్టడో అని పాపం లోపల్లోపల కుమిలిపోతోందని ఆడవాళ్ళు జాలిపడ్డారు. కూతురొచ్చి పక్కన కూర్చుంది.

"బెంగపడకమ్మా. నాన్న కాదంటే కాదనే. నిన్నొదిలి లేచిపోతానా? నీ దగ్గరే ఉండిపోతాను."

"తెలుసు తల్లీ," అంది నర్సమ్మ. చాలాసేపు పిల్ల చెయ్యి వదల్లేదు.

మూడో రోజు ముగింపు సభలో డ్రైవరు తనంతట తనే లేచాడు. మాట్లాడటం అలవాటు లేని మనిషి. ముందు గొంతు సవరించుకున్నాడు.

"ఈ అబ్బాయితో మూడు రోజులు పోట్లాడాను. నెగ్గడం కోసమైనా ఇతను ఒక్క అబద్ధం ఆడలేదు. నేను ఈ పిల్ల తల్లితో ఆడిన అబద్ధాలకి లెక్కే లేదు. నా కూతురికి నాలాంటివాడు దొరకలేదు. నాకది చాలు. కాగితం ఇలా ఇవ్వండి."

సంతకం పెట్టేశాడు. హాలంతా చప్పట్లు. కూతురు తండ్రి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. పదకొండేళ్ళ ఏడుపు, ఎవరూ ఆపమనలేదు.

మాస్టారు అంగీకార పత్రం అందుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు. "అబ్బాయి తరఫున రెండూ ఉన్నాయి. అమ్మాయి తండ్రిది వచ్చేసింది. ఇక తల్లిదొక్కటే. అదెంత పని," అని నవ్వుతూ పెన్ను నర్సమ్మ చేతిలో పెట్టాడు.

నర్సమ్మ పెన్ను బల్ల మీద పెట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. సంతోషమనుకున్నారు అందరూ. కూతురు మాత్రం తండ్రి భుజం మీంచి తలెత్తి చూసింది.

"ఈ పెళ్ళి వద్దన్న పాపం ఆయన మీదికి పోతుందనే కదా మాస్టారూ," అంది నర్సమ్మ, "నేను ఆయన్ని పిలిపించింది."